మెకాంకీ ట్యూబులన్నీ పసుపు, గ్యాస్ ఒక్కదాంట్లోనే: రిపోర్టులో ఏం రాయాలి?

శ్రావణి_మైక్రో | బుధవారం, సాయంత్రం 5.40

అందరికీ నమస్కారం. నేను ఒక చిన్న నీటి పరీక్షల ల్యాబ్‌లో చేరి ఏడు నెలలైంది. మా సీనియర్ సెలవు మీద ఊరెళ్లారు, ఫోన్ కలవడం లేదు. అందుకే ఇక్కడ అడుగుతున్నా.

సోమవారం మధ్యాహ్నం ఒక హాస్టల్ బోరు నీళ్లు వచ్చాయి. పిల్లలెవరికీ జబ్బు చేయలేదు, ఏడాదికోసారి చేయించే మామూలు పరీక్షే. డబుల్ స్ట్రెంగ్త్ మెకాంకీ బ్రాత్ (నీళ్లలో మలం కలిసిందేమోనని చూడటానికి, కోలిఫారం అనే బ్యాక్టీరియా గుంపును వెతికే ద్రవ మీడియం) ఉన్న ఐదు ట్యూబుల్లో 10 మి.లీ. చొప్పున నీళ్లు పోసి 37 డిగ్రీల దగ్గర పెట్టా. మంగళవారం చూస్తే ఐదు ట్యూబులూ ఊదా రంగు పోయి పసుపు పచ్చగా మారాయి. ఒక్కదాంట్లో కూడా గ్యాస్ లేదు. ఇవాళ 48 గంటలకు చూస్తే మూడో ట్యూబులో, లోపల గ్యాస్ పట్టడానికి బోర్లించి ఉంచే చిన్న డర్హం ట్యూబు కొసన ఆవగింజంత బుడగ కనిపించింది. వేలితో తట్టి చూశా. కదిలింది గానీ పోలేదు. మిగతా నాలుగింట్లో ఏమీ లేదు.

మాకు కాలేజీలో 'యాసిడ్, గ్యాస్ రెండూ ఉంటేనే పాజిటివ్' అని చెప్పారు. ఆ లెక్కన ఐదింట్లో ఒకటే పాజిటివ్. ఆ ఒక్కదాన్నే నిర్ధారణకు వాడే బీజీఎల్‌బీ బ్రాత్‌కి మార్చాలా? లేక అన్నీ మార్చాలా? రేపు రిపోర్టు అడుగుతున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది.

మీడియా_ప్రిప్_హైద్ | బుధవారం, సాయంత్రం 5.58

ముందు ఒక మాట చెప్పండి మేడమ్. నీళ్లు పోయని ట్యూబు ఒకటి కంట్రోల్‌గా పెట్టారా? అది ఏ రంగులో ఉంది?

నేను ఫార్మా కంపెనీలో మీడియా తయారు చేసే గదిలో పనిచేస్తా. ట్యూబులన్నీ ఒకేసారి రంగు మారాయంటే నా అనుమానం మొదట మీడియం మీదికే పోతుంది. ఆటోక్లేవ్‌లో ఎక్కువసేపు ఉంచితే లాక్టోజ్ దెబ్బతిని పీహెచ్ పడిపోతుంది. అందులోని బ్రోమోక్రెసాల్ పర్పుల్ బ్యాక్టీరియా లేకుండానే పసుపు వైపు జరుగుతుంది.

శ్రావణి_మైక్రో | బుధవారం, సాయంత్రం 6.05

పెట్టానండీ. అదే బ్యాచ్‌లోది, స్టెరైల్ నీళ్లు పోసిన ట్యూబు. ఇప్పటికీ నిండు ఊదా రంగులోనే, తేటగా ఉంది. పసుపు ట్యూబులు మాత్రం బాగా మబ్బుగా ఉన్నాయి. పాజిటివ్ కంట్రోల్ పెట్టలేదు. మా దగ్గర స్టాండర్డ్ కల్చర్లు లేవు.

మీడియా_ప్రిప్_హైద్ | బుధవారం, సాయంత్రం 6.11

అయితే మీడియం బాగానే ఉంది. మబ్బు కట్టిందంటే లోపల పెరుగుదల ఉన్నట్టే. కల్చర్లు లేకపోతే మురుగుకాలవ నీళ్లు ఒక్క చుక్క పది మి.లీ. స్టెరైల్ నీళ్లలో కలిపి, అందులోంచి ఒక మి.లీ. వేసి పాజిటివ్ ట్యూబు పెట్టుకోండి. స్టాండర్డ్ కల్చర్‌కు అది సాటి రాదు గానీ, మీ బ్రాత్ గ్యాస్ చూపించగలదా లేదా అన్నది ఒక్క రాత్రిలో తేలిపోతుంది.

కర్నూలు_ఎంపీఎన్ | బుధవారం, సాయంత్రం 6.20

పద్ధతి ప్రకారం చెప్తున్నా. మెకాంకీ బ్రాత్‌లో ప్రిజంప్టివ్ పాజిటివ్ (ఇంకా నిర్ధారణ కాని, తొలి దశ పాజిటివ్) అంటే యాసిడ్ ప్లస్ గ్యాస్. గ్యాస్ లేని నాలుగూ నెగటివే. బుడగ ఉన్న ఒక్కదాన్ని బీజీఎల్‌బీలో వేసి 48 గంటలు చూడండి. గ్యాస్ వస్తే ఐదింట్లో ఒకటి, అంటే ఎంపీఎన్ టేబుల్ ప్రకారం 100 మి.లీ.కి అంచనాగా 2.2 కోలిఫారాలు. రాకపోతే 2.2 కంటే తక్కువ. మేం పదకొండేళ్లుగా ఇలాగే చేస్తున్నాం. మనకు తోచినట్టు పద్ధతి మార్చుకుంటూ పోతే రెండు ల్యాబుల ఫలితాలు ఎప్పటికీ కలవవు.

ల్యాబ్_బాబాయ్ | బుధవారం, సాయంత్రం 6.42

అమ్మా శ్రావణీ, ట్యూబులు పారబోయకు. ఐదింటినీ మార్చు. ఇప్పుడే, ఈ రాత్రికే. ఎందుకో తర్వాత చెప్తాను.

ప్రతి పసుపు ట్యూబును మెల్లగా తిప్పి కలిపి, లూపుతో ఒక బీజీఎల్‌బీ ట్యూబులోకి, మళ్లీ లూపుతో ఒక ఈసీ బ్రాత్ (పేగుల్లోంచి వచ్చే కోలిఫారాల కోసం వాడేది) ట్యూబులోకి మార్చాలి. బీజీఎల్‌బీని 35–37 డిగ్రీల ఇంక్యుబేటర్లో 48 గంటల దాకా ఉంచు. ఈసీని 44.5 డిగ్రీల వాటర్‌బాత్‌లో 24 గంటలు ఉంచు. బాత్‌లో నీళ్ల మట్టం ట్యూబులోని బ్రాత్ మట్టం కంటే పైన ఉండాలి. థర్మామీటరు విడిగా పెట్టి చూసుకో, డయల్ మీద అంకెను నమ్మకు. అక్కడ మనకున్న వెసులుబాటు అటూ ఇటూ 0.2 డిగ్రీలే.

ఇంకోటి, ఇది అన్నిటికంటే ముందు చేయాల్సింది. హాస్టల్ వార్డెన్‌కు ఇప్పుడే ఫోన్ చెయ్యి. 'పరీక్ష ఇంకా పూర్తి కాలేదు, కానీ అనుమానంగా ఉంది, రెండు రోజులు నీళ్లు మరగబెట్టి తాగించండి' అని చెప్పు. రిపోర్టు శుక్రవారం ఇచ్చినా ఫర్వాలేదు, ఈ మాట మాత్రం ఈ రాత్రికే వాళ్లకు చేరాలి.

శ్రావణి_మైక్రో | బుధవారం, రాత్రి 8.15

బాబాయ్ గారూ, మార్చేశాను. బీజీఎల్‌బీ ఐదు, ఈసీ ఐదు, రెండింటికీ ఖాళీ కంట్రోళ్లు కూడా. బాత్ 44.8 చూపిస్తుంటే అరగంట కూర్చుని 44.5కి తెచ్చా. వార్డెన్ మేడమ్‌కి ఫోన్ చేశా. మొదట కంగారు పడ్డారు, తర్వాత వంటమనిషిని పిలిచి నా ముందే ఫోన్‌లో చెప్పారు. థాంక్స్ అండీ. ఎందుకో ఇప్పుడు చెప్పండి.

ల్యాబ్_బాబాయ్ | బుధవారం, రాత్రి 9.30

చెప్తాను. కొంచెం పొడుగవుతుంది.

ఏ మీడియమైనా నీళ్లను ఒక ప్రశ్న అడుగుతుంది. ఆ ప్రశ్నేమిటో తెలియకుండా జవాబు చదివితే పొరపాటు పడతాం. మెకాంకీ బ్రాత్ సంగతే తీసుకో. లివర్‌పూల్‌లో పనిచేసిన ఆల్‌ఫ్రెడ్ మెకాంకీ 1900 ప్రాంతంలో ఈ ఆలోచన చేశాడు. పేగుల్లో బతికే క్రిములు పైత్యరసానికి అలవాటుపడి ఉంటాయి, బయటి క్రిములు చాలావరకు తట్టుకోలేవు. అందుకని మీడియంలో పైత్య లవణాలు వేశాడు. దానికి లాక్టోజ్ కలిపాడు. కాబట్టి ఈ బ్రాత్ పసుపైతే దానర్థం ఒక్కటే: 'పైత్యాన్ని తట్టుకుని, లాక్టోజ్ తిని, యాసిడ్ చేసేది ఏదో ఇందులో ఉంది.' ఆ ఏదో కోలిఫారమే కానక్కర్లేదు. ఎంటరోకాకస్ ఉంది చూడు, అదీ పైత్యాన్ని తట్టుకుంటుంది, లాక్టోజ్ నుంచి యాసిడ్ చేస్తుంది, గ్యాస్ మాత్రం చేయదు. అదీ పేగుల్లోంచి వచ్చేదే. అలాంటప్పుడు గ్యాస్ లేని పసుపు ట్యూబును 'ఏమీ లేదు' అని పక్కన పెట్టడం నాకు మనసొప్పదు.

ఇక గ్యాస్ సంగతి. కోలిఫారాలు లాక్టోజ్‌ను విరిచే దారిలో ఫార్మిక్ యాసిడ్ వస్తుంది. దాన్ని మళ్లీ హైడ్రోజన్‌గా, కార్బన్ డయాక్సైడ్‌గా విడగొడతాయి. కార్బన్ డయాక్సైడ్ చాలావరకు బ్రాత్‌లో కరిగిపోతుంది. నువ్వు డర్హం ట్యూబులో చూసిన ఆవగింజ ముఖ్యంగా హైడ్రోజన్. ఇప్పుడు ట్యూబులో కోలిఫారాలు నాలుగే ఉండి, వేరే బ్యాక్టీరియా వేలల్లో ఉన్నాయనుకో. ఆ వేలు ముందు తిని, ముందు యాసిడ్ చేసి పెడతాయి. కోలిఫారాలు బతికే ఉంటాయి గానీ, గ్యాస్ చేసేంత మందగా పెరగలేవు. బోరు నీళ్లలో ఇది తరచూ జరుగుతుంది. ట్యూబు పసుపవుతుంది, బుడగ రాదు.

అక్కడే బీజీఎల్‌బీ పనికొస్తుంది. అందులోని బ్రిలియంట్ గ్రీన్ అనే రంగు ఎంటరోకాకస్ లాంటి గ్రామ్ పాజిటివ్ గుంపును అణిచేస్తుంది. కోలిఫారాలకు చోటు దొరుకుతుంది. మెకాంకీలో నోరు మెదపని ట్యూబు బీజీఎల్‌బీలో గ్యాస్ చూపించడం నేను ఎన్నిసార్లో చూశాను.

కర్నూలు తమ్ముడు చెప్పింది తప్పని అనను. పాత పద్ధతి పుస్తకాల్లో ఉన్న మాటే అది. కానీ ఏపీహెచ్‌ఏ (అమెరికా ప్రజారోగ్య సంఘం) పద్ధతిలో గ్యాస్ గానీ, యాసిడ్‌తో కూడిన పెరుగుదల గానీ, ఏది ఉన్నా ప్రిజంప్టివ్ పాజిటివే, కన్ఫర్మ్ చేయాల్సిందే. నెగటివ్ ట్యూబును అదనంగా మార్చితే పోయేది రెండు ట్యూబుల మీడియం. మార్చకపోతే ఏం పోతుందో మనకు తెలియదు.

కర్నూలు_ఎంపీఎన్ | బుధవారం, రాత్రి 9.52

బాబాయ్ గారూ, ఒప్పుకుంటున్నా. ఎంటరోకాకస్ విషయం నేను ఎప్పుడూ ఇలా ఆలోచించలేదు. మా దగ్గర ఎండాకాలంలో గ్యాస్ లేని పసుపు ట్యూబులు బాగా వస్తాయి. వాటిని వదిలేస్తూ వచ్చాం. రేపటి నుంచి అవీ మారుస్తాం. శ్రావణి గారూ, ఫలితం తప్పకుండా ఇక్కడ పెట్టండి.

పాలమూరు_లక్ష్మి | గురువారం, ఉదయం 7.20

నమస్తే సార్. నేను ల్యాబ్ మనిషిని కాదు. మా ఊళ్లో నీళ్ల పరీక్ష కిట్టు మీద ట్రైనింగ్ ఇచ్చిన ఐదుగురు ఆడవాళ్లలో నేనొకదాన్ని. మాకిచ్చిన చిన్న సీసాలో గీత దాకా నీళ్లు పోసి ఒక రాత్రి ఉంచితే నల్లబడుతుంది గదా, ఆ పరీక్ష చేస్త. పోయిన నెల మా దగ్గర ఒక బోరు నీళ్లు నల్లబడ్డయి. పైకి రాసి పంపిన. ల్యాబులో చూసి కోలిఫారం లేదన్నరు. ఊళ్లో అందరూ 'లక్ష్మక్క ఉత్తగనే భయపెట్టింది' అంటున్నరు. ఆ సీసా తప్పు చెప్తదా?

ల్యాబ్_బాబాయ్ | గురువారం, ఉదయం 8.05

లక్ష్మమ్మా, నువ్వు చేసింది నూటికి నూరుపాళ్లూ సరైన పని. ఊళ్లోవాళ్లకు నా మాటగా చెప్పు.

ఆ సీసా పుట్టింది మన దేశంలోనే. గ్వాలియర్‌లోని రక్షణ పరిశోధన ల్యాబ్‌కు చెందిన మాంజా, మౌర్య, రావు అనే ముగ్గురు 1982లో దాన్ని ప్రకటించారు. కరెంటు, ఇంక్యుబేటరు లేనిచోట కూడా పనిచేయాలన్నది వాళ్ల ఉద్దేశం. మలం కలిసిన నీళ్లలో కోలిఫారాలతో పాటు హైడ్రోజన్ సల్ఫైడ్ చేసే బ్యాక్టీరియా కూడా ఉంటాయని గమనించారు. సీసాలో పెప్టోన్, థయోసల్ఫేట్, ఇనుము లవణం ఉంటాయి. బ్యాక్టీరియా థయోసల్ఫేట్ నుంచి సల్ఫైడ్ చేస్తే అది ఇనుముతో కలిసి నల్లటి ఐరన్ సల్ఫైడ్ అవుతుంది. నువ్వు చూసిన నలుపు అదే.

కాబట్టి ఆ సీసా కోలిఫారాన్ని నేరుగా అడగదు, దాని తోటివాళ్లను అడుగుతుంది. లోతు బోర్లలో మలంతో సంబంధం లేకుండా సల్ఫైడ్ చేసే బ్యాక్టీరియా ఉండొచ్చు. కొన్ని బోర్ల నీళ్లలో సల్ఫైడ్ ముందే కరిగి ఉంటుంది, కుళ్లిన గుడ్డు వాసన వస్తుంది. అలాంటి నీళ్లు పోయగానే, నిమిషాల్లోనే సీసా నల్లబడుతుంది. నీ సీసా ఎంతసేపటికి నల్లబడింది? పోయగానేనా, తెల్లారాకనా? అది రాసిపెట్టుకుంటే ల్యాబ్ వాళ్లకు చాలా పనికొస్తుంది.

పాలమూరు_లక్ష్మి | గురువారం, ఉదయం 8.31

తెల్లారినంకనే సార్. రాత్రి పడుకునేముందు చూసిన, అప్పుడు లేత పసుపే ఉండె. వాసన కూడ లేదు. ఆ బోరు పక్కనే పశువుల కొట్టం ఉన్నది. వాన పడ్డ రెండు రోజులకు తీసిన నీళ్లు అవి. ల్యాబోళ్లు వచ్చి తీసుకపోయింది ఇరవై రోజుల తర్వాత.

కర్నూలు_ఎంపీఎన్ | గురువారం, ఉదయం 8.44

అక్కా, మీ ప్రశ్నకు జవాబు అక్కడే ఉంది. వాన పడ్డ రెండో రోజు నీళ్లు వేరు, ఇరవై రోజుల తర్వాత నీళ్లు వేరు. సీసా తప్పు చెప్పలేదు, ల్యాబూ తప్పు చెప్పలేదు. ఈసారి వాన పడగానే మీ సీసా పెట్టండి, అదే పూట ల్యాబ్‌కు కూడా శాంపిల్ పంపమని అడగండి. ఐస్ పెట్టెలో పెట్టి అదే రోజు చేరేలా చూడండి. 24 గంటలు దాటితే ఆ శాంపిల్ మీద నమ్మకం పోతుంది.

టొరంటో_నీళ్లు | గురువారం, మధ్యాహ్నం 12.10

ఇక్కడ అర్ధరాత్రి దాటింది గానీ ఈ థ్రెడ్ చదివి పడుకోలేకపోయా. నేను ఆంటారియోలో ఒక నీటి ల్యాబ్‌లో తొమ్మిదేళ్లుగా ఉన్నా. మాది ఏలూరు దగ్గర.

బాబాయ్ గారు 'ముందు ఫోన్' అన్నారు చూడండి, మాకిక్కడ అది చట్టం. కారణం వాకర్టన్. 2000 మే నెలలో ఈ రాష్ట్రంలోనే ఉన్న ఆ చిన్న ఊళ్లో భారీ వానలు పడ్డాయి. పశువుల ఎరువు వేసిన పొలంలోంచి బ్యాక్టీరియా ఊరి బావిలోకి చేరింది. ఏడుగురు చనిపోయారు, రెండు వేల మూడు వందల మందికి పైగా జబ్బుపడ్డారు. పరీక్ష చేసిన ల్యాబ్‌కు ఈ.కోలై (పేగుల్లో ఉండే కోలిఫారం) దొరికింది. ఫలితం నీటి సరఫరా చూసే వాళ్లకు పంపింది. ఆరోగ్య శాఖకు పంపలేదు, అప్పటి నిబంధన ప్రకారం పంపాల్సిన పనీ లేదు. సరఫరా మేనేజరు నీళ్లు బాగానే ఉన్నాయని ఆరోగ్య శాఖ వాళ్లతో చెబుతూ వచ్చాడు. ఈ.కోలై దొరికిన సంగతి వాళ్లకు తెలిసేసరికి రోజులు గడిచాయి. ఆ తర్వాత విచారణ జరిగింది, చట్టం వచ్చింది. ఇప్పుడు మా ట్యూబో, ట్రేనో పాజిటివ్ చూపిస్తే చేతిలో పని వదిలేసి ఆరోగ్య అధికారికి ఫోన్ చేస్తాం. కాగితం తర్వాత పంపుతాం.

ఇక మీడియం సంగతి. మేం ఎక్కువగా వాడేది కోలిలర్ట్. డర్హం ట్యూబు లేదు, బుడగ గొడవ లేదు. 100 మి.లీ. నీళ్లలో పొడి కలిపి, గుంటల ట్రేలో పోసి సీలు చేసి 35 డిగ్రీల దగ్గర 24 గంటలు. కోలిఫారాలకు బీటా గాలక్టోసిడేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది, అది పొడిలోని ఓఎన్‌పీజీ అనే పదార్థాన్ని విరిస్తే గుంట పసుపవుతుంది. ఈ.కోలైకి అదనంగా గ్లూకురోనిడేజ్ ఉంటుంది, అది ఎంయూజీ అనే ఇంకో పదార్థాన్ని విరిస్తే యూవీ లైటు కింద గుంట నీలంగా వెలుగుతుంది. గ్యాస్ చేయని కోలిఫారం కూడా ఇందులో దొరికిపోతుంది. ఒకటి మాత్రం గుర్తుంచుకోవాలి. వాకర్టన్‌లో జబ్బు చేసిన ఓ157 రకం ఈ.కోలైకి సాధారణంగా ఆ గ్లూకురోనిడేజ్ పనిచేయదు. అది పసుపు చూపిస్తుంది, వెలగదు. మలం కలిసిన నీళ్లలో మామూలు ఈ.కోలై దానితో పాటే ఉంటుంది కాబట్టి పరీక్ష నిలబడుతుంది.

రొయ్యల_ల్యాబ్ | గురువారం, మధ్యాహ్నం 1.25

టొరంటో అన్నా, ట్రేలు ఇక్కడ మాలాంటి చిన్న ల్యాబులకు ఖరీదెక్కువ. మెంబ్రేన్ ఫిల్టర్ చేసి క్రోమోజెనిక్ అగార్ (కాలనీలకు రంగులిచ్చే గట్టి మీడియం) మీద పెడితే ఎలా ఉంటుంది? భీమవరం దగ్గర మా ల్యాబ్‌లో చెరువు నీళ్లు ఎక్కువ వస్తాయి.

కర్నూలు_ఎంపీఎన్ | గురువారం, మధ్యాహ్నం 1.50

తేట నీళ్లకైతే చాలా బాగుంటుంది. 0.45 మైక్రాన్ పొర మీద 100 మి.లీ. వడగట్టి అగార్ మీద పరిస్తే మర్నాటికి కోలిఫారాలు గులాబీ ఎరుపు చుక్కలుగా, ఈ.కోలై ముదురు నీలం నుంచి ఊదా చుక్కలుగా వస్తాయి. లెక్కపెట్టుకోవడమే. కానీ చెరువు నీళ్లకు వద్దు. బురదకు పొర మూసుకుపోతుంది, పైగా వేరే బ్యాక్టీరియా ప్లేటంతా కమ్మేస్తుంది. అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 9308-1 కూడా ఆ పద్ధతిని వేరే బ్యాక్టీరియా తక్కువున్న నీళ్లకే అని చెబుతుంది. చెరువు నీళ్లకు ట్యూబులే దిక్కు. 10, 1, 0.1 మి.లీ. మూడు వరసలు పెట్టుకోండి.

శ్రావణి_మైక్రో | గురువారం, రాత్రి 8.20

ఈసీ ట్యూబులు చూశా. నాలుగింట్లో గ్యాస్ లేదు. మొదటి ట్యూబులో ఉంది. నిన్న మెకాంకీలో బుడగే లేని ట్యూబు అది! డర్హం ట్యూబులో పావువంతు ఖాళీ. బుడగ వచ్చిన మూడో ట్యూబు ఈసీలో ఏమీ చూపించలేదు.

బీజీఎల్‌బీ 24 గంటలకు ఒకటి, మూడు నంబర్లలో గ్యాస్ ఉంది. మిగతావి రేపటి దాకా ఉంచుతున్నా.

నిన్న ఒక్క మూడో ట్యూబే మార్చి ఉంటే ఇవాళ 44.5 దగ్గర ఏమీ లేదని రాసేదాన్ని. చేతులు వణుకుతున్నాయి.

ల్యాబ్_బాబాయ్ | గురువారం, రాత్రి 8.33

కంగారు పడకమ్మా, ట్యూబు నీ దగ్గరే ఉంది, పిల్లలు మరగబెట్టిన నీళ్లే తాగుతున్నారు. ఆ మొదటి ఈసీ ట్యూబులోంచి లూపుతో తీసి ఈఎంబీ ప్లేటు (ఈ.కోలై కాలనీలు పచ్చటి లోహపు మెరుపుతో కనిపించే అగార్) మీద గీతలు గీసి 35–37 డిగ్రీల దగ్గర పెట్టు. కాలనీలు విడివిడిగా రావాలి, లూపు ప్రతి మలుపులో కాల్చుకో.

44.5 ఎందుకని రేపు నిన్ను ఎవరైనా అడిగితే చెప్పడానికి ఒక సంగతి. ఈ వేడి కిటుకు 1904లో ఐక్‌మన్ అనే డచ్చి డాక్టరుది. పాలిష్ బియ్యం తిన్న కోళ్లకు బెరిబెరి లాంటి జబ్బు వస్తుందని కనిపెట్టి, తర్వాత నోబెల్ అందుకున్నాయనే. వేడి నెత్తురు జంతువుల పేగుల్లోంచి వచ్చిన రకాలు 46 డిగ్రీల దగ్గర కూడా గ్యాస్ చేస్తాయని, మట్టిలో ఆకుల మీద ఉండే రకాలు సాధారణంగా చేయలేవని గమనించాడు. ఆయన తర్వాత వచ్చినవాళ్లు దాన్ని 44, 44.5కి సర్దారు. నీ మూడో ట్యూబు బహుశా మట్టి రకం. మొదటిది అలా కాదు. అయితే క్లెబ్సియెల్లా అనే ఇంకో జాతి కోలిఫారాల్లో కొన్ని కూడా ఆ వేడిని తట్టుకుంటాయి, అందుకే ప్లేటు అడుగుతున్నాను.

మీడియా_ప్రిప్_హైద్ | గురువారం, రాత్రి 9.05

శ్రావణి గారూ, రేపటి బ్యాచ్‌కు ఒక మాట. ట్యూబుల్ని ఆటోక్లేవ్ చేశాక ప్రెషర్ దానంతటదే సున్నాకు దిగేదాకా మూత జోలికి వెళ్లకండి. తొందరపడి వాల్వు తెరిస్తే బ్రాత్ పొంగి డర్హం ట్యూబుల్లో గాలి చిక్కుతుంది. బోర్లించిన ఆ చిన్న ట్యూబు చల్లారేటప్పుడే బ్రాత్‌ను లోపలికి పీల్చుకుంటుంది. నీళ్లు పోయకముందే ప్రతి ట్యూబునూ లైటుకు అడ్డంపెట్టి చూసి, బుడగ ఉన్నదాన్ని తీసి పక్కన పెట్టేయండి. ఆవగింజంత బుడగ మీద ఒక ఊరి నీళ్ల తీర్పు ఆధారపడే పని ఇది.

శ్రావణి_మైక్రో | శుక్రవారం, రాత్రి 8.45

బీజీఎల్‌బీ 48 గంటలు: ఒకటి, మూడు, నాలుగు. ఐదింట్లో మూడు. టేబుల్ ప్రకారం 100 మి.లీ.కి 9.2.

ఈఎంబీ ప్లేటు తీసి కిటికీ దగ్గర వెలుతురులో వంచి చూశా. నడుమ నల్లగా, పైన పచ్చ ఈగ వీపు మీద ఉండే మెరుపు. కాలేజీలో పుస్తకంలో ఫొటో చూడటమే, ఇంత స్పష్టంగా చేతిలో చూడటం ఇదే మొదటిసారి. ఈ.కోలై నిర్ధారణకు చేసే ఇండోల్ పరీక్ష కోసం ట్రిప్టోన్ నీళ్లలో కూడా పెట్టా, రేపు చూస్తా.

మన దేశపు తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం ఏ 100 మి.లీ.లోనూ ఈ.కోలై గానీ కోలిఫారం గానీ కనిపించకూడదు కాబట్టి ఈ నీళ్లు తాగడానికి పనికిరావు. వార్డెన్ మేడమ్‌కు ఫోన్‌లో చెప్పేశా. ఇవాళ పొద్దున నేనే వెళ్లి చూసొచ్చా కూడా. బోరు చుట్టూ సిమెంటు గట్టు పగిలి ఉంది. బాత్‌రూముల గుంత బోరుకు ఎనిమిది అడుగులు కూడా లేదు. మొన్న వారం మూడు రోజులు వాన. గట్టు పగుల్లో నీళ్లు నిలిచి, నాచు పట్టి ఉంది.

ల్యాబ్_బాబాయ్ | శుక్రవారం, రాత్రి 9.10

మా రోజుల్లో తాగునీటి బావికి, గుంతకు మధ్య కనీసం 15 మీటర్లు ఉండాలని చెప్పేవాళ్లు. ఎనిమిది అడుగులంటే బ్లీచింగ్ ఒక్కదానితో పోయే సమస్య కాదు. బ్లీచింగ్ వేస్తే ఈ వారం పోతుంది, వచ్చే వానకు మళ్లీ వస్తుంది. గట్టు బాగుచేయించాలి, గుంతను మార్చాలి. ఇది రిపోర్టు కింద రిమార్కుల్లో రాయి. అంకె ఒక్కటే రాస్తే వాళ్లకు ఏం చేయాలో తెలియదు.

ట్యాంకుకు బ్లీచింగ్ మంచి సరుకైతే వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాములు, అరగంట ఆగాలి. మూత తెరిచి నెలలు ఉంచిన పొడిలో క్లోరిన్ మిగలదు, అది చూసుకోమను.

పాలమూరు_లక్ష్మి | శుక్రవారం, రాత్రి 9.26

శ్రావణమ్మా, మంచి పని చేసినవ్ బిడ్డా. మా బోరు కాడ కొట్టం ఎన్నడుగులుందో రేపు పొద్దుగాల కొలుస్త.

శ్రావణి_మైక్రో | తర్వాతి బుధవారం, సాయంత్రం 6.15

ఇండోల్‌లో ఎర్ర వలయం వచ్చింది, ఈ.కోలై ఖాయం. మా సీనియర్ వచ్చారు. థ్రెడ్ మొత్తం చూపించా. గ్యాస్ లేని పసుపు ట్యూబులన్నీ ఇకమీదట కన్ఫర్మ్ చేయాలని మా వర్క్‌షీట్‌లో గడి కలిపారు.

హాస్టల్లో గట్టు పని మొదలైంది. అప్పటిదాకా పంచాయతీ ట్యాంకర్ నీళ్లు ఇస్తున్నారు. బోరుకు క్లోరిన్ పట్టించారు. మళ్లీ శాంపిల్ తీయాలి. ఒక డౌట్. క్లోరిన్ ఉన్న నీళ్లకు బాటిల్‌లో థయోసల్ఫేట్ వేయాలి కదా, మా బాటిళ్లలో ఇప్పటిదాకా వేయడం లేదు. ఎంత వేయాలి?

టొరంటో_నీళ్లు | తర్వాతి బుధవారం, సాయంత్రం 6.50

వేయకపోతే దారి పొడుగునా బాటిల్‌లోనే క్లోరిన్ బ్యాక్టీరియాను చంపుతూ వస్తుంది, ట్యూబులు అబద్ధపు ఊదా రంగులో మిగులుతాయి. 120 మి.లీ. బాటిల్‌కు 3 శాతం సోడియం థయోసల్ఫేట్ 0.1 మి.లీ. వేసి స్టెరిలైజ్ చేయండి. లీటరుకు 5 మి.గ్రా. క్లోరిన్ దాకా సరిపోతుంది. ఆ బాటిల్‌ను శాంపిల్ నీళ్లతో కడగకూడదు, కడిగితే మందు పోతుంది. మెడ దాకా నింపకుండా పైన కాస్త గాలి వదలండి, కలిపేటప్పుడు కుదపడానికి.

ల్యాబ్_బాబాయ్ | తర్వాతి బుధవారం, రాత్రి 7.20

బోరులో క్లోరిన్ వాసన పూర్తిగా పోయాక తియ్యి. లేకపోతే నువ్వు పరీక్షించేది క్లోరిన్‌ను, బోరును కాదు. ఎప్పుడు తీస్తున్నావు?

శ్రావణి_మైక్రో | తర్వాతి బుధవారం, రాత్రి 7.34

సోమవారం ఒకటి తీస్తా బాబాయ్ గారూ. గట్టు పని పూర్తయ్యాక, మొదటి పెద్ద వాన పడ్డ రెండో రోజు ఇంకోటి. రెండింటికీ ఐదు ట్యూబులూ మారుస్తా.